తొంభై శాతం నీడ, సున్నా శాతం టమాటా

ఏప్రిల్ రెండో వారం. మధ్యాహ్నం మూడు గంటలకి ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టి, ఆరేసిన బట్టలు తీద్దామని డాబా మీదకి వెళ్ళా. చెప్పుల్లేకుండా వెళ్ళా కాబట్టి నాలుగో అడుగుకే భరతనాట్యం మొదలైంది. విజయవాడ ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది! అమ్మ పెంచుకుంటున్న టమాటా, వంగ, మిర్చి, ఆకుకూరల కుండీలన్నీ తలలు వాల్చేసి ఉన్నాయి. పాపం అనిపించింది. అక్కడే గెంతుతూ ఫోన్ తీసి 'గ్రీన్ నెట్' అని సెర్చ్ చేశా. 35, 50, 75, 90 శాతం అని ఆప్షన్లు వచ్చాయి. బ్యాటరీ అయినా, మార్కులైనా నంబర్ ఎంత పెద్దదైతే అంత మంచిది కదా మనకి. తొంభై నొక్కేశా. రెండ్రోజుల్లో పార్సిల్ ఇంటికొచ్చింది.

ఆ నెట్‌తో అమ్మ తోటని దాదాపు చంపేశా. ఈ వారం కథ అదే.

కథలోకి వెళ్ళేముందు ఒక మాట. అమ్మకి కిందటేడు మోకాలి ఆపరేషన్ అయింది. మెల్లగా మెట్లెక్కి దిగడం అలవాటు చేసుకోమన్నారు డాక్టర్. ఉత్తినే ఎక్కమంటే ఎక్కే మనిషి కాదు. "పైన నాకేం పని?" అంటుంది. అందుకే కుండీలు తెచ్చి పెట్టాం. అప్పట్నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తనే ఎక్కుతోంది. అంటే ఆ తోట కూరల కోసం మాత్రమే కాదు. అమ్మకి అదే ఫిజియోథెరపీ.

నెట్ కట్టిన మొదటి వారం అంతా సూపర్. ఇనుప పైపుల మీద, నా తల తగిలేంత ఎత్తులో, నాలుగు వైపులా కిందకి దించి గుడారంలా బిగించా. లోపలంతా పచ్చటి నీడ. అమ్మ కుర్చీ తెచ్చుకుని కాఫీ కూడా అక్కడే తాగింది. "బాగా ఆలోచించావురా" అంది. నేను కాలర్ ఎగరేశా.

మూడో వారానికి సీన్ మారింది. టమాటా కాడలు సన్నగా, పొడుగ్గా సాగిపోయాయి. ఒక ఆకుకీ ఇంకో ఆకుకీ మధ్య జానెడు దూరం. ఆకులు వెడల్పుగా, పల్చగా, లేతరంగులో ఉన్నాయి. పూత లేదు. వచ్చిన నాలుగు పూలూ రాలిపోయాయి. కుండీల్లో మట్టి ఎప్పుడు చూసినా తడిగానే ఉంటోంది. కొన్నింటి మీద నాచు పట్టింది.

అమ్మ నెట్‌ని అనుమానించలేదు. కొడుకు కొన్నది కదా! విత్తనం మంచిది కాదేమో అంది. వేపపిండి వేసింది. పశువుల ఎరువు తెప్పించి ఇంకో దోసెడు వేసింది. ఏమీ మారలేదు. చివరికి ఒకరోజు కింద కూర్చుని, "ఈసారి నా చెయ్యి మంచిది కాదురా. రోజూ ఎక్కడం ఎందుకులే, రెండ్రోజులకోసారి చూస్తాలే" అంది.

అప్పుడు నాకు భయమేసింది.

చివరగా మార్చిందేంటి?

ఆఫీసులో నడుస్తున్న సాఫ్ట్‌వేర్ సడన్‌గా పడిపోతే మేం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "చివరగా ఏం మార్చారు? ఎవరు మార్చారు?" మా డాబా మీద చివరగా మారింది విత్తనం కాదు, మట్టి కాదు, అమ్మ చెయ్యి అంతకన్నా కాదు. మారింది నెట్. మార్చింది నేను.

అప్పుడు కూర్చుని చదివా. చదివితే తెలిసిందేంటంటే, నేను వేడికి మందు కొన్నాననుకుని వెలుగుని ఆపేశా.

నెట్ మీద ఉండే శాతం ఆగిపోయే వెలుగు లెక్క. 90% నెట్ అంటే వందలో తొంభై వంతుల వెలుగు ఆగిపోయి, పది వంతులే కిందకి దిగుతుంది. మొక్కకి ఆ వెలుగే తిండి. ఆకు దాంతోనే వంట చేసుకుంటుంది. మన ఫోన్‌లో డైలీ డేటా ప్యాక్ లాంటిదే ఇది. మొక్క రోజు మొత్తం మీద ఎంత వెలుగు అందుకుందన్నదే లెక్క. టమాటా, వంగ, మిర్చిలాంటి కాయ కాసే మొక్కలకి పెద్ద ప్యాక్ కావాలి. నేను వాటికి పదో వంతు ప్యాక్ వేసి, 'కాయలేవీ?' అని అడుగుతున్నా. అవి పాపం వెలుగుని వెతుక్కుంటూ పొడుగ్గా సాగాయి. అమ్మ వేసిన అదనపు ఎరువు ఆ సాగుడికి ఇంకాస్త తోడైంది. నీడలో మొక్క తాగే నీళ్ళూ తగ్గుతాయి. అమ్మ మాత్రం ఎండలో పోసినన్నే పోసింది. అందుకే ఆ నాచు.

మరి వేడి సంగతి? ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. వాతావరణ శాఖ 'ఈరోజు 42 డిగ్రీలు' అని చెప్పేది ఎండలో కొలిచింది కాదు. గాలి ఆడే చిన్న తెల్లపెట్టెలో, నీడలో కొలిచింది. అంటే నీడ ఇచ్చాక కూడా గాలి వేడి 42 డిగ్రీలే. నెట్ చేసే మేలు ఏంటంటే, ఎండ ఆకు మీద నేరుగా పడి ఆకునీ, కుండీనీ, నేలనీ కాల్చకుండా ఆపడం. గాలిని చల్లబరిచే ఏసీ కాదది. పైగా నాలాగా నాలుగు వైపులా మూసేస్తే వేడిగాలి బయటికి పోదు. నా గుడారంలో మధ్యాహ్నం నిలబడితే ఉక్కపోతకి ఊపిరాడలేదు. వెలుగు తగ్గింది, ఉక్క పెరిగింది. రెండు రకాలుగానూ నష్టమే.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్ళు కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి సరిగ్గా పని చేయదు. పూత రాలిపోతుంది. ఎంత మంచి నెట్ కట్టినా మే నెల విజయవాడలో టమాటా విరగకాయదు. నెట్ మొక్కని బతికించి వానాకాలం దాకా చేరుస్తుంది. అంతవరకే ఆశించాలి.

ఫోన్ తీయండి, కొలవండి

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ముందు కెమెరా దగ్గర వెలుగుని పసిగట్టే చిన్న సెన్సర్ ఉంటుంది. స్క్రీన్ బ్రైట్‌నెస్ తనంతట తాను మారేది దానివల్లే. 'లక్స్ మీటర్' అని వెతికితే ఉచిత యాప్స్ దొరుకుతాయి. ఐఫోన్‌లో ఆ సెన్సర్‌ని బయటి యాప్స్‌కి ఇవ్వరు కాబట్టి అవి కెమెరాతో అంచనా వేస్తాయి. పోలిక కోసమైతే అదీ పనికొస్తుంది.

మబ్బులేని రోజు, ఒకే సమయంలో, ఫోన్ ఆకాశం వైపు వెల్లకిలా పెట్టి రెండుసార్లు కొలవండి. ఒకటి బయట, ఇంకోటి నెట్ కింద మొక్క తల దగ్గర. మీ నీడ ఫోన్ మీద పడకూడదు. కొన్ని ఫోన్లు నడి ఎండలో ఒక నంబర్ దగ్గర ఆగిపోతాయి. అలాంటప్పుడు సెన్సర్ మీద తెల్లకాగితం మడిచి పెట్టి, రెండుసార్లూ అదే కాగితంతో కొలవండి. మనకి కావాల్సింది అసలు నంబర్ కాదు, రెండింటి నిష్పత్తి.

మా డాబా మీద పదకొండింటికి బయట 96,000 లక్స్ వచ్చింది. నా గుడారంలో 8,400. అంటే తొమ్మిది శాతం కూడా దిగట్లేదు. ఎండని చూసి జాలిపడి నేను టమాటాలకి ఇచ్చిన బహుమతి అది. మన కన్ను ఇక్కడ మోసం చేస్తుంది. ఎంత వెలుగుంటే అంతకి సర్దుకుపోతుంది కాబట్టి, పదో వంతు వెలుగు కూడా 'హాయిగా' అనిపిస్తుంది. హాయి నాకు. ఆకలి మొక్కకి.

ఏ మొక్కకి ఎంత?

అలాగని నెట్ వద్దనడం లేదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పడే వెలుగంతా మొక్క వాడుకోలేదు. ఆకు ఒక స్థాయి వరకే వాడుకోగలదు, ఆ పైన పడింది వేడిగా మారి దాన్నే ఇబ్బంది పెడుతుంది. కాప్సికం, టమాటా కాయల మీద ఎండ తగిలిన వైపు తెల్లటి మచ్చలు చూసే ఉంటారు. అది ఎండదెబ్బే. కాబట్టి ఆ మిగులు వరకు కోసేస్తే చాలు.

టమాటా, వంగ, మిర్చి, గులాబీ: 35%. అదీ ఎండాకాలం వరకే.

కొత్తిమీర, పాలకూర లాంటి ఆకుకూరలు, నారు పోసిన ట్రేలు: 50%. ఎండాకాలంలో కొత్తిమీర వేసే రైతులు కూడా 50% నెట్ కిందే వేస్తారు.

ఫెర్న్‌లు, ఆంథూరియం: 75% దగ్గర. ఆర్కిడ్లకి రకాన్ని బట్టి 50 నుంచి 75.

బెండ, కాగితంపూలు, అడీనియం, చాలా రకాల కాక్టస్‌లు: నెట్టే అక్కర్లేదు. వాటికి ఎండంటే పండగ.

మరి 90% ఎందుకు తయారుచేస్తారు? కారుకి, కుర్చీకి, కాఫీకి. అమ్మ కాఫీ తాగిన మూలకి అది సరిగ్గా సరిపోయింది!

లెక్కలో ఇంకో తిరకాసు. 50% నెట్లు రెండు పొరలు వేస్తే వంద శాతం నీడ రాదు. మొదటిది సగం ఆపుతుంది, రెండోది మిగిలిన సగంలో సగం ఆపుతుంది. మొత్తం 75%. 35 మీద 50 వేస్తే దాదాపు 67. కాబట్టి 35దీ 50దీ చెరొకటి కొని పెట్టుకుంటే మూడు రకాల నీడ చేతిలో ఉన్నట్టే. నెట్ మీద దుమ్ము పేరుకున్నా నీడ పెరుగుతుంది. అప్పుడప్పుడు పైపుతో కడగాలి.

పచ్చ రంగు ఎవరి కోసం?

మొక్కలు పచ్చగా ఉంటాయి కాబట్టి నెట్ కూడా పచ్చగా ఉంటే మంచిదని మనందరి నమ్మకం. నిజానికి ఆకు పచ్చగా కనబడేదే ఆ రంగు వెలుగుని తక్కువ వాడుకుని, వెనక్కి పంపడం వల్ల. దానికి ఎక్కువ పనికొచ్చేవి ఎరుపు, నీలం. ఆకుపచ్చ దారం ఆ రెండింటినీ పీల్చేసుకుని పచ్చదాన్ని కిందకి వదులుతుంది. మన కంటికి చల్లగా ఉంటుందే తప్ప మొక్కకి ఒరిగేదేం లేదు.

నల్ల నెట్ అన్ని రంగులనీ ఒకేలా తగ్గిస్తుంది. కాకపోతే తనే వేడెక్కుతుంది. అందుకని మొక్కలకి బాగా పైన, గాలి ఆడేలా కట్టాలి. తెల్ల నెట్ వెలుగుని చెదరగొట్టి కింది ఆకులకి కూడా పంచుతుంది, వేడీ తక్కువ పట్టుకుంటుంది. వెండి రంగులో మెరిసే అల్యూమినియం నెట్ ఎండని వెనక్కి కొడుతుంది. ఖరీదెక్కువ, పాలీహౌసుల్లో వాడతారు. పాలిథిన్ కప్పిన చిన్న గ్రీన్‌హౌస్ కట్టుకున్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. నెట్‌ని లోపల కట్టడం కంటే పైకప్పు మీద కాస్త ఎడంగా కట్టడం మేలు. ఎండ లోపలికొచ్చాక ఆపితే ఆ వేడి లోపలే ఉండిపోతుంది.

తాతయ్య దగ్గరున్న 'అడ్జస్టబుల్' నెట్

తప్పు నాదేనని ఫోన్‌లో నంబర్లు చూపించి అమ్మకి చెప్పా. తిడుతుందనుకున్నా. నవ్వి, "మీ తాతయ్యకి ఈ లెక్క ఫోన్ లేకుండానే తెలుసు" అంది.

అమ్మ పుట్టిల్లు పొన్నూరు వైపు. తాతయ్య తమలపాకు తోట చేసేవాడు. తమలపాకు తీగ నీడపట్టున పెరిగేది. దానికోసం ముందుగా అవిసె విత్తనాలు వేసి, ఆ మొక్కలు ఎదిగాక వాటి మొదట్లో తీగ నాటి పైకి పాకించేవారు. ఎండాకాలంలో అవిసె కొమ్మలు గుబురుగా ఉంచేవాడట తాతయ్య. వానలు పడి మబ్బులు కమ్మగానే కొమ్మలు కొట్టేసి వెలుగు రానిచ్చేవాడట. కొట్టిన ఆకు గేదెలకి. "నీడంటే ఒకసారి కట్టి వదిలేసేది కాదురా, కాలాన్ని బట్టి కోసుకునేది" అంది అమ్మ.

నేను వెంటనే నెట్ పీకేయబోయా. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "నెల రోజులు చీకట్లో పెట్టి ఇప్పుడు రోహిణీ కార్తె ఎండలో నిలబెడతావా? రోళ్ళు పగిలే ఎండ అది!" నిజమే. నీడలో పెరిగిన పల్చటి ఆకు ఒక్కసారిగా ఎండ తగిలితే కాలిపోతుంది. అందుకని ముందు నాలుగు వైపులా దించిన నెట్ పైకి చుట్టాం. రెండ్రోజులాగి, పొద్దున ఎనిమిది దాకా పైన కూడా తెరిచాం. తర్వాత తొమ్మిది దాకా. పది రోజులకి తొంభై తీసేసి తెల్ల 35 కట్టాం. ఈసారి తీగ మీద రింగులు వేసి, కర్టెన్‌లా జరిగేటట్టు. పొద్దున ఎండ మొక్కలకి వదిలేసి, పదకొండింటికి లాగి, నాలుగింటికి తీసేస్తాం.

సూర్యుడు కూడా ఒకే చోట ఉండడు కదా. మే మొదటి వారంలో విజయవాడలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారు కర్రకి నీడే పడదు. హైదరాబాద్‌లో అది మే 9 ప్రాంతంలో. అదే డిసెంబర్‌లో మధ్యాహ్నం కూడా దక్షిణం వైపు వాలి ఉంటాడు. ఎండాకాలంలో కట్టిన నెట్ నీడ చలికాలంలో అదే కుండీ మీద పడదు. కాబట్టి పైన ఎంత ముఖ్యమో, ఎండాకాలం సాయంత్రపు ఎండ కొట్టే పడమర వైపు అంతే ముఖ్యం. తూర్పు వైపు తెరిచే ఉంచండి.

ఆర్డర్ పెట్టేముందు ఆరు ప్రశ్నలు

1. కింద ఉండేది ఏ మొక్క? దాన్ని బట్టే శాతం. అన్నీ కలిపి ఉంటే అవసరాన్ని బట్టి రెండు గుంపులుగా సర్దండి.

2. 'యూవీ స్టెబిలైజ్డ్' అని రాసి ఉందా? లేకపోతే ఎండకి దారం పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. ఆ ప్లాస్టిక్ ముక్కలన్నీ మీ మట్టిలోకే.

3. దారం ఎలాంటిది? టేపులా చదునుగా ఉండేది చవక. గుండ్రటి మోనోఫిలమెంట్ దారంది బరువు, ఖరీదు ఎక్కువ, మన్నికా ఎక్కువే. షేడ్ నెట్లకి మన దేశంలో ఐఎస్ 16008 అనే ప్రమాణం ఉంది. టేపు దారానికి ఒక భాగం, మోనోఫిలమెంట్‌కి ఒక భాగం. ఆ నంబర్ ఉందేమో చూడండి.

4. కత్తిరిస్తే పోగులు ఊడతాయా? కొట్లో కొంటుంటే మూల చిన్నగా కత్తిరించి చూపించమనండి. అల్లికది నిలుస్తుంది, నేతది విడిపోతుంది.

5. ఎత్తు ఎంత? మొక్క తలకీ నెట్‌కీ మధ్య కనీసం రెండు మూడు అడుగుల ఖాళీ ఉండాలి. పక్కలు తెరిచి ఉండాలి.

6. గాలిదుమారం వస్తే? నెట్ అంటే తెరచాపే. వాటర్ ట్యాంకు పైపుకి కట్టొద్దు. గట్టి ఫ్రేముకి కట్టండి. దుమారం వచ్చేలా ఉంటే చుట్టేయండి.

కొత్త నెట్ కట్టాక మళ్ళీ కొలిచా. బయట 94,000 ఉంటే కింద 61,000. అట్ట మీద రాసిన 35కి సరిగ్గా దగ్గర.

పది టమాటా మొక్కల్లో నాలుగు పోయాయి. ఆరు నిలబడ్డాయి. తొలకరి పడ్డాక నెట్ మొత్తం మడిచి అటక మీద పెట్టేశాం. జులై చివర్లో ఒకరోజు కాల్‌లో ఉండగా అమ్మ పైనుంచి కేకేసింది. మ్యూట్ పెట్టి పరిగెత్తా, ఈసారి చెప్పులేసుకునే. మొక్కకి రెండు మూడు పిందెలు. గోళీకాయంత కూడా లేవు. "చెయ్యి మంచిదేలేరా" అంది. మెట్లెక్కి ఆయాసపడుతూనే అంది.

నేను అడిగింది మాత్రం ఒక్కటే: "ఇవాళ ఎన్నోసారి ఎక్కావ్?"

"మూడోసారి. అయితే ఏంటి?"

ఏం లేదమ్మా!

మీ డాబా మీద, బాల్కనీలో నెట్ ఉంటే రేపు పదకొండింటికి ఒకసారి ఫోన్ పట్టుకుని వెళ్ళండి. బయట ఒకసారి, లోపల ఒకసారి కొలవండి. మొక్క నోరు తెరిచి అడగలేదు కదా, ఆ రెండు నంబర్లే దాని మాట అనుకోండి. వచ్చే వారం కలుద్దాం.